మన్యపు జ్వరమునకు మందు చేసినవారు

భద్రాచల యాత్రకు పోవు పల్లపుసీమవారు పూర్వము రామదర్శనమునకై యెంత తహతహపడెడివారో, అడవిజ్వరమునకు అంత జంకెడివారు. గోదావరికి ఈవలి దరి ఖమ్మము ప్రాంతము నిజాము రాజ్యములోను, ఆవలి దరి భద్రాచలము ఆంగ్లేయుల యేలుబడిలోను ఉండిన దినములవి. ప్రభుత్వములు రెండైనను జ్వర మొక్కటియే. కాటన్ దొర తలపెట్టిన ఎగువ గోదావరి నౌకామార్గపు పనులు దుమ్ముగూడెమువద్ద సాగుచుండగా కూలీలును అధికారులును చలిజ్వరముతో మంచముపట్టుచుండిరి. ధనమును చాలక, జ్వరమును వదలక, 1871లో ఆ పనులు నిలిచిపోయెను. 1879లో రంప పితూరీ నణచుటకు వచ్చిన పటాలములను సైతము తుపాకిగుండ్లకంటె నీ జ్వరమే యెక్కువ పీడించెను.

ఇట్లు వ్రాయుచు చరిత్రకారులు తరచుగా నొక మాట విడిచిపెట్టుదురు. వచ్చి పోవువారి జ్వరము ప్రభుత్వపు లెక్కలకెక్కినది గాని, అచ్చటనే పుట్టి పెరిగిన కోయల జ్వరమును, కొండరెడ్ల జ్వరమును లెక్కించిన వారెవరు? అడవివారికి జ్వరము రాదనియు, అది వారికి అలవాటైపోయినదనియు మైదానమున నొక నమ్మక ముండెడిది. అందు సత్యమెంతయనగా, పదే పదే జ్వరమునకు లోనై శైశవము గడచినవారి దేహమునందు కొంత ఓర్పు కుదురును. గడవని బిడ్డల మాట యెవరు నడుగలేదు. ఆ ఓర్పునకు వెల యిచ్చినది ఆ తల్లులే.

మే మీ వ్యాసమున జ్వరముయొక్క చరిత్రను గాక, దానికి మందు కనుగొన్న మనుష్యుల చరిత్రను చెప్పదలచితిమి. అందును, కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున సంశ్లేషణ జీవశాస్త్రమను క్రొత్త శాస్త్రమును నమ్ముకొని యేండ్ల తరబడి పనిచేసిన యువతీయువకుల కథ మాకు ముఖ్యము. అయితే ఆ కథకు మొదలు మన హైదరాబాదునందే యున్నది.

1897 ఆగస్టు నెలలో బేగంపేట సైనిక వైద్యశాలయందు రొనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమల కడుపులు కోసి చూచుచుండెను. అది ఉక్కపోత కాలము. పంకా వేసినచో కోసిన దోమ యెగిరిపోవును గనుక, పంకాలేక చెమటలో కూర్చుండవలసివచ్చెను. ఆ చెమటకు సూక్ష్మదర్శినియొక్క మరలు తుప్పుపట్టెను. ఆగస్టు 20వ తేదీన నొక దోమ కడుపుగోడలో ఆయన జ్వరక్రిమియొక్క చిహ్నములను చూచెను. చెడ్డగాలివలన జ్వరము వచ్చునన్న ప్రాచీన విశ్వాస మా దినమున కూలిపోయినది. 1902లో రాస్‌నకు నోబెల్ బహుమానము వచ్చెను. ఆ భవనము తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి యధీనమునకు వచ్చి ఆయన పేరనే నిలిచినది.

మరి ఆ దోమ యెవరి రక్తము త్రాగెను? హుసేన్ ఖాన్ అను రోగిది. దోమతెరలో పరుండి, కుట్టిన దోమకు అణా చొప్పున పుచ్చుకొని, తన రక్తమును శాస్త్రమునకు అప్పిచ్చినవా డతడు. మరుసటి యేడు కలకత్తాలో రాస్ పక్షులపై పరిశోధన చేయునపుడు చేదోడుగా నుండిన మహమ్మద్ బక్ష్ పేరును శాస్త్రజ్ఞులలో కొలదిమందికి మాత్రమే తెలియును. బహుమాన మొకరికే ఈయవచ్చును గాని పని యొకరివలన జరిగినది కాదు.

జ్వరకారణము తెలిసినను మందు మాత్రము పాతదే. సింకోనా పట్టనుండి 1820లో వేరుచేసిన క్వినైను పొట్లములు కొన్నాళ్లు తపాలా కచేరీలలో సయితము అమ్ముడయ్యెను. పిమ్మట క్లోరోక్విన్ వచ్చెను. చవుకయై, మేలైన మందై, ఇంటింటికి చేరెను. కాని జ్వరక్రిమి యూరకుండలేదు. 1973లో అస్సాములో ఆ మందునకు లొంగని క్రిమి మన దేశమున మొదటిసారి కనబడినది. ప్రాణాంతకమగు ఫాల్సిపారమ్ జాతి అడవిప్రాంతములందే యెక్కువ. అడవులు దేశమున నెన్ని గలవో అన్నిచోట్లను ఇక క్రొత్తమందు కావలసివచ్చెను.

ఆ మందు చీనాదేశమునుండి వచ్చినది. వియత్నాము యుద్ధకాలమున సైనికులు జ్వరముచే కూలుచుండగా, 1967లో చీనా ప్రభుత్వము రహస్యముగా నొక పరిశోధన నారంభించెను. 1969లో ఆ భారము తూ యూయూ అను స్త్రీపై పడెను. ఆమెకు డాక్టరు పట్టము లేదు, విదేశ విద్య లేదు. బిడ్డలు చిన్నవారు. ఇట్టి స్త్రీకి ఇంత పని యప్పగించిన ప్రభుత్వము ఇతర విషయములం దెట్టిదైనను ఈ విషయమున వివేకము చూపినదనవలెను. ఆమె ప్రాచీన వైద్యగ్రంథములను గాలించి రెండువేల యోగములను ప్రోగుచేసెను. నాలుగవ శతాబ్దికి చెందిన గే హుంగ్ తన గ్రంథమున నొక మొక్కను నీట నానబెట్టి పిండి ఆ రసము త్రాగుమని వ్రాసెను. కాచుమని వ్రాయలేదు. వేడియే మందును చెరుపుచున్నదని యామె గ్రహించి, తక్కువ వేడికే మరుగు ఈథరుతో సారము తీసెను. 1971 అక్టోబరు 4న ఆ సారము జంతువులందలి జ్వరక్రిములను పూర్తిగా రూపుమాపెను. మరుసటి యేట ఆమెయు ఇరువురు సహచరులును ముందుగా తామే దానిని త్రాగి చూచిరి. ఆ పిదపనే హైనాన్ ద్వీపపు రోగుల కిచ్చిరి. ఆర్టెమిసినిన్ అను నీ మందునకు నోబెల్ బహుమానము 2015లో గాని రాలేదు. అప్పటికి ఆమె వయస్సు 84 ఏండ్లు.

ఆ మొక్క మన గృహిణులకు పూర్తిగా పరాయిది కాదు. వినాయకచవితి పత్రిలో మొదట పేర్కొను మాచిపత్రియు ఆ కుటుంబపు మొక్కయే. ఒకే వంశమువారైనంతమాత్రమున గుణము లొకటి కావు గనుక, మాచిపత్రి కషాయమును నమ్మి మందు మానుట తగదు.

ఇక బర్కిలీ మాట. ఆర్టెమిసినిన్ ఆ మొక్క యాకులమీది సన్నని నూగులో పుట్టును. ఎండిన ఆకు నూరుపాళ్లలో ఒకపాలుకూడ సాధారణముగా రాదు. విత్తినది మొదలు మందు చేతికి వచ్చుటకు ఏడాదికి పైగా పట్టును. ధర పెరిగిన యేడు రైతులందరును దానినే వేయుదురు, మరుసటి యేడు ధర పడిపోవును, ఆ పైయేడు ఎవరును వేయరు. 2005 ప్రాంతమున కిలో ధర వేయి డాలర్లు దాటినది. ఈ ఉయ్యాల నాపుటకై జే కీస్లింగ్ అను ఆచార్యుడు తన ప్రయోగశాలలో నొక తలంపు చేసెను: మొక్కలో మందును వండు జన్యువులను తీసి, తొట్టెలో పెరుగు సూక్ష్మజీవిలో నుంచినచో నేమగును?

ఆ సూక్ష్మజీవి ఈస్టు. రొట్టెను పొంగించునది అదియే, మన అడవిలో తాటికల్లును పులియబెట్టునదియు ఆ జాతిదే. మద్యపాన నిషేధమున పట్టుదలగల మా పాఠకులు క్షమింతురు గాక, కల్లుకుండలోని ఆ జీవియే మన్యపు జ్వరమునకు మందు వండ నేర్చినది. నేర్పినవారు మాత్రము చాల శ్రమపడిరి.

2003లో వారు మొదట వేరొక సూక్ష్మజీవిలో ఆ మందునకు మూలమైన తైలమును పుట్టించిరి. 2006లో దే క్యూన్ రో మొదలగువారు ఈస్టునందే మందునకు ఒక మెట్టు క్రిందనున్న ఆమ్లమును వండించిరి. లీటరుకు 100 మిల్లీగ్రాములు. లోకమంతయు మెచ్చుకొనెను. కాని లెక్క చూడగా అది వ్యాపారమునకు చాలదు. జన్యువును బలముగా పనిచేయించినకొలది ఈస్టే నీరసించి చచ్చుచుండెను. నడుమ పుట్టు నొక పదార్థము దానికి విషమగుటయే కారణము. ఆ విషమును వెంటనే మార్చివేయు జన్యువులను కెనడాదేశపు సాస్కటూన్ నగరమున మరియొక ప్రయోగశాలవారు మొక్కనుండియే వెదకి తీసిరి. 2013 నాటికి లీటరుకు 25 గ్రాములు వచ్చెను. అనగా 250 రెట్లు.

ఈ రెండు సంఖ్యల నడుమ నున్న ఏడేండ్లనే పాఠకులు తలచుకొనవలెను. ఒక జన్యువును చేర్చుట, గాజుపళ్లెరములో మొలచిన వందల చుక్కలలో నొకదానిని పుల్లతో నెత్తి పెంచుట, కొలుచుట, పనికిరాదని పారవేయుట, మరల మొదలుపెట్టుట. ఈస్టునకు ఆదివారము లేదు గనుక దానిని పెంచువారికిని లేదు. సీసాలు కడుగువారు, ఉష్ణము చూచువారు, పరీక్ష తప్పినదని పుస్తకమున వ్రాయువారు, వీరిలో ననేకులు నెలజీతపు విద్యార్థులు. ఈ మొత్తము పనికి సుమారు 150 మనుష్యవత్సరములు పట్టినవని కీస్లింగే లెక్క చెప్పెను. అనగా ఒక్కడే చేసియుండినచో రెండు నిండు జీవితములు చాలవు.

మనవాడగు యల్లాప్రగడ సుబ్బారావునుకూడ ఇచ్చట తలపక యుండలేము. భీమవరమున 1895లో పుట్టి, హార్వర్డు విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కేతో గూడి 1925లో ప్రకటించిన యీయన, అచ్చట స్థిరోద్యోగము లేకయే యెన్నో యేండ్లు గడపెను. పొట్టపోసుకొనుటకు వైద్యశాలలో రాత్రిపూట రోగుల మలపాత్రలు కడిగెనందురు. బ్రాహ్మణకుటుంబపు యువకు డా పని చేసెనని చెప్పుకొని మనము గర్వింపవలెను గాని సిగ్గుపడనక్కరలేదు. తరువాత లెడర్లీ కంపెనీలో ఆయన నడపిన పరిశోధకబృందమునుండి బోదకాలు మందు వెలువడినది. అదియు దోమ తెచ్చు వ్యాధియే.

బర్కిలీవారి ఖర్చునకు 2004లో గేట్సు ధర్మసంస్థ 4 కోట్ల 26 లక్షల డాలర్లు విక్టోరియా హేల్ స్థాపించిన లాభాపేక్షలేని మందుల సంస్థద్వారా ఇచ్చెను. మలేరియా మందుపై విశ్వవిద్యాలయము తన హక్కునకు రుసుము వద్దనెను. ప్రయోగశాలలోని యువకులే అమైరిస్ అను కంపెనీ పెట్టి ఈస్టును బలపరచిరి. సనోఫీ అను ఔషధవ్యాపారులు 2013లో ఇటలీలోని గరెస్సియో కర్మాగారమున ఏడాదికి 50, 60 టన్నులు చేయగల యేర్పాటు చేసిరి. 2014లో 17 లక్షల చికిత్సలకు సరిపడు మందు ఆఫ్రికా దేశములకు పోయెను.

ఆపైన జరిగినది చెప్పుటకు మాకు చింతగా నున్నది. లాభము వద్దనుకొన్నను ఈస్టుమందు కిలోకు 350 మొదలు 400 డాలర్లు పడెను. అదే కాలమున రైతులు విస్తారముగా పండించుటచే మొక్కమందు 250 డాలర్లకు దిగెను. కొనువారు చవుకది కొనిరి. 2015లో ఆ కర్మాగారమున నొక్క గ్రాముకూడ చేయలేదు, పిమ్మట దానిని అమ్మివేసిరి. దీనిని చూపి శాస్త్రము ఓడినదని కొందరు నవ్విరి. రైతుల కూడు పడగొట్టవచ్చిన పీడ తానే తొలగినదని కొందరు సంతోషించిరి. చీనా, వియత్నాము, తూర్పు ఆఫ్రికా దేశములలో చిన్నచిన్న కమతములవా రీ పంటపై బ్రదుకుచున్నారు గనుక రెండవవారి మాటలో న్యాయము లేకపోలేదు. మా యభిప్రాయమున మాత్రము, కరవునకు కొట్టులో దాచిన ధాన్యము పండిన యేట పనికిరాలేదని దానిని తగులబెట్టువాడు కాపు కాడు. ధర మరల ఎగసిన నాడు ఆ తొట్టెలు సిద్ధముగా నుండవలెను. అందుకగు వ్యయము వ్యాపారి లెక్కలో పడునది కాదు, ప్రభుత్వముల లెక్కలో పడవలసినది.

భద్రాచలము 1959లో ఖమ్మము జిల్లాలో చేరి, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. జ్వర మిపుడు పూర్వమువలె లేదు. అయినను ఛత్తీస్‌గఢ్ కలతలకు జడిసి 2005 తరువాత అడవి దాటి వచ్చిన గుత్తికోయల పల్లెలకు బాటయు బడియు సరిగా లేవు. వానకాలమున ఆశా కార్యకర్త అచ్చటికి నడచి పోయి, వ్రేలికొన నొక చుక్క రక్తము తీసి, నిముషములలో పరీక్ష చూచును. ఫాల్సిపారమైనచో ఆర్టెమిసినిన్ సంతతికి చెందిన ఆర్టెసునేటు మాత్రలు మూడు దినములు ఇతర మందుతో గలిపి యియ్యవలెను. ఏడాదిలోపు శిశువునకు గులాబిరంగు పొట్లము, నాలుగేండ్లలోపు బిడ్డకు పసుపుది, పెద్దవారికి తెల్లది. అక్షరములు రాని తల్లికిని తెలియునట్లు రంగులు పెట్టిన వారెవరో మే మెరుగము.

మొదటి దినముననే జ్వరము జారును. బిడ్డ లేచి యాడుకొనును. మిగిలిన మాత్రలు చూరులో దోపి, మరుసటి జ్వరమునకు దాచుకొనుట పేదయింట సహజము. అట్టి సగపు చికిత్సలు క్రిమికి బడివంటివి. 2008 ప్రాంతమున కంబోడియా పడమటి సరిహద్దు అడవులలో ఈ మందునకును ఆలస్యముగా లొంగు క్రిములు కనబడెను. 2020 తరువాత రువాండా, ఉగాండాలనుండియు అదే వార్త వచ్చినది. అందుచేతనే ఆశా కార్యకర్త మూడవ దినమునకూడ వాగు దాటి పోయి, ఖాళీ పొట్లము చూపుమని యడుగవలసియున్నది.