జపాను క్రేప్

జపాను క్రేప్ అనునది పలుచని గోధుమపిండి అట్టులో చిలికిన మీగడ, పండ్లు పెట్టి, పొట్లంలా చుట్టి, చేతితో పట్టుకొని తినే తీపి వంటకం. జపాను భాషలో దీనిని "కురేపు" అని పలుకుతారు. మూలం ఫ్రాన్సు దేశపు క్రేప్ అయినా, ఫ్రాన్సులో దానిని సాధారణంగా మడిచి పళ్ళెంలో వడ్డిస్తారు. గరాటు ఆకారంలో కాగితంలో చుట్టి, పైన మీగడ కనబడేలా నింపే పద్ధతి మాత్రం జపాను వీధులలో స్థిరపడినది.

చరిత్ర

ఫ్రాన్సు వాయవ్య ప్రాంతమైన బ్రిటనీ క్రేప్‌లకు పుట్టినిల్లు. జపానులో ఇవి వీధి తినుబండారంగా వ్యాపించడం 1970వ దశకంలో మొదలైనది. మారియన్ క్రేప్స్ అను సంస్థ 1976లో టోక్యోలోని షిబుయాలో అమ్మకం ప్రారంభించి, 1977లో హరజుకులోని తకేషితా వీధిలో దుకాణం తెరచినది. యువతరం దుస్తుల దుకాణాలకు పేరుపొందిన ఆ వీధికి క్రేప్ ఒక గుర్తుగా మారింది. నడుస్తూ తినడాన్ని మర్యాదగా భావించని సమాజంలో ఈ వంటకం అంతగా ఆదరణ పొందడం గమనించదగ్గ విషయం. దుకాణాల ముందు గాజు పెట్టెలలో ప్లాస్టిక్ నమూనాలు వరుసగా పేర్చి ఉంటాయి. కొనేవారు వాటిని చూసి ఎన్నుకుంటారు.

పిండి

ఇంటిలో సుమారు ఎనిమిది క్రేప్‌లకు 100 గ్రాముల మైదా, 2 గుడ్లు, 250 మిల్లీలీటర్ల పాలు, 20 గ్రాముల పంచదార, 20 గ్రాముల కరిగించిన వెన్న, చిటికెడు ఉప్పు సరిపోతాయి. జపానులో ప్రొటీను తక్కువగా ఉండే కేకుల పిండిని వాడతారు. అది లేనిచోట మైదాలో ఐదవ వంతు తీసివేసి మొక్కజొన్న పిండి కలిపితే అట్టు మెత్తగా వస్తుంది. మొదట గుడ్లు, పంచదార, పిండి కలిపి, ఆపై పాలు కొద్దికొద్దిగా పోస్తే ఉండలు కట్టదు. చివరగా వెన్న కలిపి, వడగట్టి, కనీసం అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. దోసెపిండివలె ఇది పులియనక్కరలేదు. ఈ విరామం పిండి పాలను పీల్చుకొనుటకు, కలుపునప్పుడు ఏర్పడిన సాగుదనం సడలుటకు మాత్రమే. తీసిన పిండి పలుచని మజ్జిగలా జారాలి.

కాల్చు విధానం

దుకాణాలలో సుమారు 40 సెంటీమీటర్ల వెడల్పుగల ఇనుప పెనంపై పిండి పోసి, "టి" ఆకారపు కర్రతో గుండ్రంగా పరుస్తారు. ఇంటిలో 24 సెంటీమీటర్ల అంటుకోని పెనం చాలు. పెనాన్ని వేడిచేసి, తడి గుడ్డపై ఒక్క క్షణం ఆనించి, 50 మిల్లీలీటర్ల పిండి పోసి వెంటనే పెనాన్ని తిప్పాలి. పెనం మరీ వేడిగా ఉంటే పిండి పరుచుకోకముందే గట్టిపడుతుంది. అందుకే ఆ తడి గుడ్డ. అంచులు ఎర్రబడగానే తిరగవేసి, పదిపదిహేను క్షణాలలో తీసివేయాలి. తీసినవాటిని ఒకదానిపై ఒకటి పేర్చి గుడ్డ కప్పితే ఎండిపోకుండా మెత్తగా ఉంటాయి. జపానులో కరకరలాడే క్రేప్‌లను ఇష్టపడేవారు, సాగే క్రేప్‌లను ఇష్టపడేవారు వేర్వేరుగా ఉన్నారు. కరకరలాడాలంటే పిండిని మరింత పలుచగా పరచి ఎక్కువసేపు కాల్చాలి.

మీగడ

ఇంటి ప్రయత్నాలు ఎక్కువగా విఫలమయ్యేది ఇక్కడే. మీగడలోని కొవ్వు కణాలు చల్లగా, గట్టిగా ఉన్నప్పుడే ఒకదానికొకటి అతుక్కొని గాలి బుడగలను పట్టి ఉంచగలవు. దీనికి కనీసం 30 శాతం, మేలైన ఫలితానికి 35 శాతం కొవ్వు కావాలి. భారతదేశంలో వంటలకు సాధారణంగా అమ్మే డబ్బా మీగడలో 25 శాతం కొవ్వే ఉండుటచేత ఎంత చిలికినా నిలబడదు. కాచిన పాలపై కట్టే మీగడ కూడా పనికిరాదు. అది చిలికితే వెన్న అవుతుంది. చిలుకుటకు ప్రత్యేకించిన మీగడను డబ్బాపై కొవ్వు శాతం చూసి కొనాలి.

200 మిల్లీలీటర్ల మీగడకు 15 నుండి 20 గ్రాముల పంచదార వేసి, మంచుముక్కలు నింపిన గిన్నెపై మరో గిన్నె ఉంచి చిలకాలి. కవ్వం ఎత్తినప్పుడు కొస నిలిచి కొద్దిగా వంగితే చాలు. అక్కడ ఆపకపోతే గరుకుగా మారి విరుగుతుంది. వేసవిలో శాకనూనెతో చేసిన మీగడ ఎక్కువసేపు నిలుస్తుంది గాని పాల రుచి ఉండదు. అది సాధారణంగా ముందే తియ్యగా ఉంటుంది కనుక పంచదార వేయరాదు.

చుట్టుట

క్రేప్ పూర్తిగా చల్లారిన తరువాతనే మీగడ పెట్టాలి, లేనిచో కరిగి కాగితం అడుగునుండి కారుతుంది. ఎర్రగా కాలిన వైపు క్రిందకు ఉంచి, పై సగంలో విసనకర్ర మడత ఆకారంలో మీగడ పరచి, స్ట్రాబెర్రీ లేదా అరటిపండు ముక్కలు, చాక్లెట్ పాకం వేస్తారు. క్రింది సగాన్ని పైకి మడిచి, ఒక ప్రక్కనుండి కిళ్ళీ పొట్లంలా చుట్టి, కాగితంలో నిలబెడతారు. బాగా పండి నీరు కారే మామిడి వంటి పండ్లను గుడ్డపై ఆరబెట్టి వాడాలి.

తీపి లేనివి కూడా ఉన్నాయి. ట్యూనా చేప, మయొనైజ్ కలిపినది వాటిలో ప్రసిద్ధం. క్రేప్‌లను మీగడతో పొరలు పొరలుగా పేర్చి కేకులా కోసే "మిల్ క్రేప్" జపాను మిఠాయి దుకాణాలలో విరివిగా దొరుకుతుంది.