వాల్టర్ మర్చ్

వాల్టర్ మర్చ్ (జననం: 1943 జులై 12, న్యూయార్క్) అమెరికన్ చలనచిత్ర శబ్ద సంకలనకర్త, ఎడిటర్. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సినిమా చదివి, దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా తీసిన 'ది రెయిన్ పీపుల్' (1969)తో వృత్తిలోకి వచ్చారు. శబ్దం చిత్రీకరణ ముగిశాక అద్దే మెరుగు కాదు, కథనంలో భాగమే అన్నది ఆయన పనిలో కనిపించే సూత్రం. 'ది గాడ్‌ఫాదర్' (1972) రెస్టారెంట్ హత్యాఘట్టంలో తెరపై లేని రైలు రొద పెరుగుతూ కథానాయకుడు మైకేల్ మనసులోని ఘర్షణను తెలుపుతుంది. 'ది కాన్వర్సేషన్' (1974)లో రహస్యంగా రికార్డు చేసిన ఒకే వాక్యంలో ఊనిక మారగానే బాధితులెవరో, హంతకులెవరో తారుమారవుతుంది. ఇక్కడ కథ మలుపు శబ్దంలోనే ఉంది.

ఇదంతా దర్శకుడి ఘనతేననీ, శబ్దం సమష్టి కృషి అనీ ఆక్షేపించవచ్చు. రెండోది నిజమే: 'అపోకలిప్స్ నౌ' (1979) శబ్దానికి వచ్చిన ఆస్కార్‌ను మర్చ్ మరో ముగ్గురితో పంచుకున్నారు. అయితే హెలికాప్టర్ రెక్కల చప్పుడును హోటల్ గది ఫ్యాన్‌తో ముడిపెట్టిన ఆ చిత్రారంభం చూస్తే, శబ్దాన్నీ దృశ్యాన్నీ ఒకే చేయి కూర్చడంలోని ఫలితం తెలుస్తుంది. 'ది ఇంగ్లిష్ పేషెంట్' (1996)కు ఎడిటింగ్, శబ్దం రెండింటికీ ఆయన ఆస్కార్లు అందుకున్నారు. ఎడిటింగ్ ఆస్కార్ పొందిన తొలి డిజిటల్ సంకలన చిత్రం అదే. దర్శకుడు ఆర్సన్ వెల్స్ రాసిన 58 పేజీల లేఖ ఆధారంగా ఆయన చిత్రం 'టచ్ ఆఫ్ ఈవిల్'ను మర్చ్ 1998లో పునఃసంకలనం చేశారు.