గ్లూకోజు కొలత: అంకెను ఎంతవరకు నమ్మాలి?

చేతికి అంటించుకున్న చిన్న బిళ్ల, కొన్ని నిమిషాలకొకసారి గ్లూకోజు ఎంత ఉందో ఫోనులో చూపే రోజులివి. దీన్ని నిరంతర గ్లూకోజు మానిటర్ అంటారు. అందులో 250 అని కనిపిస్తే ఇన్సులిన్ తీసుకోవచ్చా? ఆ అంకె తప్పయితే? అవసరం లేని ఇన్సులిన్ వల్ల స్పృహ తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. కనుక ఆ అంకె విలువ ఎంతో మీరు తెలుసుకోవాలి. అందుకు ఈ కొలత నడిచి వచ్చిన దారిని చూద్దాం.

గంటల కిందటి సమాచారం

మూత్రం చుట్టూ చీమలు చేరడం గమనించిన మన ప్రాచీన వైద్యులు ఈ వ్యాధిని మధుమేహమన్నారు. ఆ తీపికి కారణం చక్కెరేనని 1776లో ఇంగ్లండు వైద్యుడు మాథ్యూ డాబ్సన్ చూపించాడు. 1908లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు స్టాన్లీ బెనెడిక్ట్ ఒక నీలిరంగు ద్రావణాన్ని వెల్లడించాడు. మూత్రం కలిపి వేడిచేస్తే, చక్కెర హెచ్చేకొద్దీ అది ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగుల మీదుగా ఇటుక ఎరుపుకు మారుతుంది. ఈ ప్రయోగాన్ని మీలో చాలామంది కళాశాలలో చేసే ఉంటారు.

అయితే రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితేగాని మూత్రంలోకి రాదు. పైగా మూత్రాశయంలో చేరిన మూత్రం గంటల కిందటి సంగతి చెబుతుంది. గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోతే ఈ పరీక్ష పసిగట్టలేదు.

1962లో అమెరికా శాస్త్రజ్ఞులు లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ కొత్త మార్గం చూపారు. గ్లూకోజు మీద పనిచేసే ఎంజైమును ఎలక్ట్రోడుకు జతచేయడమే ఆ మార్గం. నేటి సెన్సర్లలో ఎక్కువ భాగానికి మూలం అదే. 1960లలోనే రక్తపు చుక్కతో రంగు మారే పట్టీలు, ఆ తర్వాత వాటిని చదివే మీటర్లు వచ్చాయి. 1980లలో మీటర్లు ఇళ్లలోకీ చేరాయి.

ఏ తప్పు ప్రమాదకరం?

ఇంటి మీటరు లెక్క ప్రయోగశాల లెక్కతో అచ్చంగా కలవదు. మరి ఎంత తేడాను సహించవచ్చు? 1987లో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ ప్రశ్ననే మార్చారు. తేడా ఎంత అని కాక, దానివల్ల రోగి ఏం చేస్తాడు అని అడిగారు. అసలు గ్లూకోజు 250 ఉంటే మీటరు 220 చూపిందనుకోండి. చికిత్స పెద్దగా మారదు. అసలు 50 ఉంటే 80 చూపిందనుకోండి. తేడా అదే 30. కాని వెంటనే చక్కెర తినవలసిన మనిషి నిశ్చింతగా కూర్చుంటాడు! ఈ ఆలోచనతో తయారైనదే క్లార్క్ దోష పటం.

నిరంతర మానిటర్

1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన మినీమెడ్ పరికరాన్ని 3 రోజులు ధరించవచ్చు. అంకెలు రోగికి కనిపించేవి కావు. తర్వాత వైద్యుడు చూసేవాడు. వేలి రక్తంతో రోజూ సరిచూడాల్సి వచ్చేది. 2014లో యూరప్‌లో వచ్చిన ఫ్రీస్టైల్ లిబ్రేకు ఆ సరిచూపు అక్కరలేకపోయింది. 2016 డిసెంబరులో డెక్స్‌కామ్ జీ5 అంకెను బట్టి ఇన్సులిన్ మోతాదు నిర్ణయించుకోవడానికి అమెరికా సమ్మతించింది. తొలి సెన్సర్ల లెక్కకూ ప్రయోగశాల లెక్కకూ సగటు తేడా సుమారు 20 శాతం ఉండేది. నేటి మంచి సెన్సర్లలో అది 8 నుంచి 10 శాతం. ఇది సగటు మాత్రమే. కొన్ని అంకెలు అంతకంటే ఎక్కువ తప్పవచ్చు.

ఆలస్యం తగ్గింది, పోలేదు. సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. కాలువలో నీరు పెరిగిన కాసేపటికి మడిలో నీరు పెరిగినట్టు, రక్తంలోని మార్పు అక్కడ 5 నుంచి 10 నిమిషాలకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా కనిపిస్తుంది. భోజనం, వ్యాయామం తర్వాత ఈ తేడా హెచ్చు. సెన్సర్ మీద ఒత్తిగిలి పడుకుంటే దొంగ తగ్గుదల చూపవచ్చు. పెట్టిన మొదటి రోజు కచ్చితత్వం తక్కువ. కొన్ని రకాలను పారాసిటమాల్, మరికొన్నింటిని విటమిన్ సి ఎక్కువ మోతాదులో తప్పుదారి పట్టిస్తాయి.

కాబట్టి సెన్సర్ చూపే బాణం గుర్తునూ గమనించండి; పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ఒక్క అంకె కంటే ఎక్కువ చెబుతుంది. చెమట, వణుకు ఉన్నా అంకె బాగానే ఉంటే, లేదా ఒంట్లో ఏ తేడా లేకున్నా 55 చూపితే, వేలి రక్తంతో సరిచూడండి. సరిచూసే వీలు లేకపోతే ఒంటి లక్షణాలనే నమ్మి చక్కెర తీసుకోండి. చర్మాన్ని గుచ్చకుండానే గ్లూకోజు కొలుస్తామనే గడియారాలను, ఉంగరాలను నమ్మవద్దని 2024 ఫిబ్రవరిలో అమెరికా నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మంచి పరికరమంటే తప్పు చేయనిది కాదు, ఎంత తప్పుతుందో ముందే పరీక్షించి చెప్పినది.