చలి ప్రాంతాల్లో కలువ దుంపలను కాపాడుకునే విధానం

టబ్బుల్లో కలువలు పెంచి మొక్కలు, దుంపలు అమ్ముకునే చిన్న రైతుకు తల్లి మొక్కే పెట్టుబడి. కోస్తా జిల్లాల్లో చలికాలం ఈ మొక్కకు పెద్ద ఇబ్బంది కాదు. పూత తగ్గినా మొక్క బతుకుతుంది. లంబసింగి, చింతపల్లి, అరకు వంటి మన్యం ప్రాంతాల్లోనూ, ఆదిలాబాద్ వైపునా పరిస్థితి వేరు. లంబసింగిలో కొన్ని ఏళ్లు రాత్రి ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు దిగుతుంది. ఆదిలాబాద్‌లో 5 డిగ్రీల లోపుకు పడిపోయిన రోజులున్నాయి. చెరువులోని లోతు నీరు అంత త్వరగా చల్లబడదు. టబ్బులోని కొద్దిపాటి నీరు మాత్రం ఒక్క రాత్రిలోనే చల్లబడుతుంది. అందుకే టబ్బుల్లో పెంచేవారు ముందే జాగ్రత్త పడాలి.

మీ దగ్గర ఉన్నది ఏ రకం?

కలువల్లో రెండు జాతులున్నాయి. చలికి ఓర్చే కలువలకు అల్లం కొమ్ములా అడ్డంగా పాకే దుంప ఉంటుంది. ఆకు అంచు నునుపుగా ఉండి, పువ్వు ఎక్కువగా నీటి మీదే తేలుతుంది. ఈ దుంప గడ్డకట్టనంత వరకు మొక్క చావదు. వీటిని టబ్బులోనే ఉంచవచ్చు.

ఉష్ణమండల కలువల పువ్వు నీటికి పైన కాడ మీద నిలబడుతుంది. చాలా రకాల్లో ఆకు అంచు రంపపు పళ్లలా ఉంటుంది. నీలం, ఊదా రంగు పూలు, రాత్రి విచ్చుకునే పూలు ఈ జాతివే. మొక్క మొదట్లో గుండ్రటి గట్టి దుంప ఏర్పడుతుంది. కాపాడుకోవాల్సింది ఈ దుంపనే.

చలికి ముందు

- దసరా తర్వాత ఎరువులు ఆపేయాలి. మేత తగ్గితే మొక్క ఆకులు వేయడం మాని దుంపలో బలం దాచుకుంటుంది.
- చిన్న కుండీలో వేర్లు ఇరుకైన మొక్కలో దుంప బాగా ఊరుతుంది. ఈ సమయంలో కుండీ మార్చవద్దు.
- పసుపు ఆకులు, వాడిన పూలు ఎప్పటికప్పుడు తీసేయాలి. అవి కుళ్లితే నీరు చెడుతుంది.
- ఒక థర్మామీటరు కొని ఉదయం పూట నీటి వేడి చూడాలి. 18 డిగ్రీల కన్నా తగ్గుతూ వస్తే ఎదుగుదల మందగిస్తుంది.

చలి ఓ మోస్తరుగా ఉండే చోట

దుంప తీయనవసరం లేదు. టబ్బులను ఎండ తగిలే గోడ వారకు చేర్చి, సగం వరకు నేలలో పాతాలి. రాత్రి వెదురు బద్దల మీద పాలిథిన్ కప్పి, ఎండెక్కాక తీసేయాలి. నీరు తగ్గితే ఓవర్‌హెడ్ ట్యాంకులోని చల్లటి నీరు కాకుండా, అప్పుడే తోడిన బోరు నీరు పోయాలి. చలికాలం తెల్లవారుజామున అది గోరువెచ్చగా ఉంటుంది.

చలి తీవ్రంగా ఉండే చోట

1. ఆకులు చిన్నవై పసుపు రంగుకు తిరిగాక, నీరు గడ్డకట్టే చలి రాకముందే కుండీ బయటకు తీయాలి.
2. మట్టిని నీటితో కడిగి, మొక్క మొదలు కింద వెతకాలి. వక్కకాయ అంత, ఒక్కోసారి కోడిగుడ్డు అంత దుంపలు దొరుకుతాయి. ముదిరిన దుంప బొటనవేలితో నెడితే ఊడి వస్తుంది.
3. నొక్కితే మెత్తగా ఉన్నవి, వాసన వచ్చేవి పారేయాలి. ఒక్క కుళ్లిన దుంప పెట్టెడు దుంపలను పాడు చేస్తుంది.
4. మిగిలినవాటిని శుభ్రంగా కడిగి, రెండు రోజులు నీడలో ఆరబెట్టాలి.
5. తడి ఇసుకలో గాని, కొబ్బరి పొట్టులో గాని పొరలుగా పేర్చాలి. పిడికిట పిండితే నీరు కారకూడదు, చేతికి చెమ్మ తగలాలి.
6. రకం పేరు, తేదీ రాసి ప్రతి డబ్బాకు కట్టాలి. దుంపలన్నీ ఒకేలా ఉంటాయి. పేరు పోతే ధర పోతుంది.
7. డబ్బాను 10 నుంచి 15 డిగ్రీలు ఉండే చీకటి గదిలో ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టవద్దు, ఆ చలికి దుంప దెబ్బతింటుంది. ఎలుకలు చేరకుండా మూత బిగించాలి.
8. మూడు వారాలకు ఒకసారి తెరిచి చూసి, ఇసుక ఆరితే కొద్దిగా నీరు చిలకరించాలి.

తిరిగి మొలకెత్తించడం

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. కానీ చూడాల్సింది పండుగను కాదు, నీటి వేడిని. దుంపలను ముందుగా వెలుతురు వచ్చే చోట, 21 నుంచి 27 డిగ్రీల వేడి ఉన్న నీటి పళ్లెంలో ఉంచాలి. మొలక నుంచి సన్నటి కాడలు, చిన్న ఆకులు వస్తాయి. పిల్ల మొక్కకు వేర్లు దిగాక దుంప నుంచి గిల్లి కుండీలో నాటాలి. మొదలు మట్టిలో కూరుకుపోకూడదు. దుంపను పారేయకుండా మళ్లీ నీటిలో వేస్తే ఇంకో పిల్ల వస్తుంది. బయటి టబ్బుల్లో నీరు 21 డిగ్రీలకు చేరి నిలకడగా ఉన్నాకే మొక్కను దించాలి. ఉత్తరాది చలి ప్రాంతాలకు దుంపలు పంపేవారు ఈ మాట కొన్నవారికి తప్పక చెప్పాలి.

మిగిలిన నీటి మొక్కలు

- తామర: టబ్బులోనే ఉంచాలి. ఎండిన కాడలను నీటి మట్టానికి పైనే కత్తిరించాలి. కాడ బోలుగా ఉంటుంది కనుక కిందికి కోస్తే నీరు చేరి దుంప కుళ్లుతుంది.
- చేమ, మెట్టతామర: తీవ్రమైన చలి ఉంటే దుంపలు తీసి, ఆరబెట్టి, చలి తగలని చోట నిల్వ చేయాలి.
- గుర్రపు డెక్క, అంతరతామర: మిగిలినవాటిని కాలువల్లో, చెరువుల్లో వేయవద్దు. ఎండబెట్టి కంపోస్టు గుంతలో వేయాలి.

అన్ని దుంపలనూ ఒకే పద్ధతిలో దాచవద్దు. కొన్ని ఇసుకలో, కొన్ని గోడ వారన టబ్బులో ఉంచితే, ఒకటి దెబ్బతిన్నా రకం చేజారదు.