ఒప్పులకుప్ప నుండి ఊగే కుర్చీ వరకు

ఒప్పులకుప్ప ఆడని ఆడపిల్ల ఒకప్పుడు గోదావరి జిల్లాల పల్లెలలో కనిపించేది కాదు. ఇద్దరు పిల్లలు ఎదురుబదురుగా నిలిచి, చేతులు అడ్డంగా మార్చి పట్టుకొని, పాదాలు దగ్గరగా చేర్చి, వెనుకకు వాలి గిరగిర తిరిగేవారు. ఆట ఆగిన పిమ్మట అసలు వినోదం మొదలయ్యేది. కాళ్ళు నేల మీద నిలిచినా అరుగు, గాదె, గడ్డివాము అన్నీ తిరుగుతూనే ఉండేవి. తిరగనిది తిరిగినట్లు తోచే ఈ భ్రాంతి పిల్లలకు నవ్వులాట. మేఘంలో చిక్కిన విమాన చోదకునికి మాత్రం ప్రాణాంతకం. ఈ రెండింటికీ నడుమ పుట్టిన ఒక యంత్రం చరిత్ర చెప్పుకోదగినది. దానిని మోషన్ సిమ్యులేటర్ అంటారు. చలనానుకరణ యంత్రమని తెలుగు చేయవచ్చును గానీ, మా బంధువర్గంలో అందరూ ఊగే కుర్చీ అనే అంటారు. నాకూ ఆ మాటే బాగున్నది.

చెవి వినడానికి మాత్రమే ఉన్నదని మనం అనుకుంటాం. లోపలి చెవిలో అర్ధవృత్తాకారపు గొట్టాలు మూడు ఉన్నాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరగడం మొదలుపెట్టినప్పుడు ఆ ద్రవం కొంచెం వెనుకబడుతుంది. ఆ తేడా వల్లనే తిరుగుతున్నామని మనకు తెలుస్తుంది. ఒకే వేగంతో కొంతసేపు తిరిగితే ద్రవమూ మనతో సమంగా తిరిగి, తిరుగుతున్న స్పృహ పోతుంది. ఆగినప్పుడు ద్రవం ఆగదు. వ్యతిరేక దిశలో తిరుగుతున్నట్లు మనసుకు చెబుతుంది. అంటే మొదలూ చివరా మాత్రమే చెప్పి, నడుమ జరిగినది చెప్పని సాక్షి వంటిది మన చెవి. పగటి వెలుతురులో కన్ను ఈ లోపాన్ని సరిదిద్దుతుంది. కన్నూ మోసపోయే సందర్భాలు లేకపోలేదు. రాజమండ్రి స్టేషనులో మన రైలు కదలకుండానే పక్క పట్టాల మీద రైలు కదిలితే మనమే బయలుదేరామనుకుంటాం. వరద రోజులలో పుష్కర ఘాట్ చివరి మెట్టు మీద నిలిచి నీటి వైపే చూస్తూ ఉంటే మెట్లు ఎగువకు ప్రయాణం కడతాయి. ఎర్న్‌స్ట్ మాఖ్ అనే శాస్త్రవేత్త ఇటువంటి చలనానుభూతుల మీద 1875లో ఒక గ్రంథమే వ్రాశాడు.

ఈ భ్రాంతిని వినోదంగా అమ్మినవారు ముందు వచ్చారు. 1894లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో దయ్యపు ఉయ్యాల ఒకటి పెట్టారు. జనం కూర్చున్న ఉయ్యాల దాదాపు కదలదు. చుట్టూ ఉన్న గది, మేకులతో బిగించిన కుర్చీలూ బల్లలతో సహా, తలక్రిందులుగా తిరుగుతుంది. జనం తామే పల్టీలు కొడుతున్నామని ఉయ్యాల కమ్ములు పట్టుకొని కేకలు వేసేవారట. మన సురభి నాటకాలు చూసినవారికి ఇందులో వింత తోచదు. రథం నిలిచే ఉంటుంది, వెనుక తెర చుట్టుకుంటూ పోతుంది, మనకు మాత్రం రథం పరుగెత్తుతుంది. 1904 తరువాత అమెరికాలో హేల్స్ టూర్స్ పేరిట రైలుపెట్టె ఆకారపు గదిలో జనాన్ని కూర్చోబెట్టి, ముందు సినిమా చూపుతూ పెట్టెను కుదిపేవారు.

ఇక్కడ ఒక మాట. ఇటువంటి సంగతి ఎత్తగానే, అన్నీ మన వేదాలలోనే ఉన్నాయని వైమానిక శాస్త్రం చూపేవారు నాకు తరచుగా తారసపడతారు. ఆ గ్రంథం ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో చెప్పి వ్రాయించినది. అందులోని విమానాలు ఎగరజాలవని బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ వారు 1974లో పరిశీలించి తేల్చారు. సంస్కృతం చదువుకున్నవారు ముందుగా ఒప్పుకోవలసిన విషయమిది. గర్వించదగినది కావాలంటే పదకొండవ శతాబ్దికి చెందిన భోజరాజు సమరాంగణ సూత్రధారం చూడండి. యంత్ర విధానమనే అధ్యాయంలో మనుషులను ఎక్కించుకొని తిరిగే రథదోలలు వర్ణించబడ్డాయి. మన తిరునాళ్ళ రంగులరాట్నానికి పూర్వీకులని వాటిని నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఉన్నదానిని చెప్పుకుంటే చాలును గదా.

విమాన శిక్షణకు తొలి ఊగే కుర్చీ 1909 ప్రాంతంలో ఫ్రాన్సులో వచ్చింది. ఆంత్వానెత్ అనే విమాన సంస్థ వారు సగానికి కోసిన పీపాను మరొక సగం పీపా మీద నిలిపి, పైన శిష్యుని కూర్చోబెట్టారు. కింద నిలిచిన సహాయకులు కర్రలు పట్టుకొని దానిని చేతులతో వంచేవారు. శిష్యుడు చక్రాలు తిప్పి నిటారుగా నిలపాలి. అంతే యంత్రం.

దీనిని పీపా దశ నుండి దాటించినవాడు ఎడ్విన్ లింక్. అమెరికాలో బింగ్‌హామ్టన్ అనే ఊరిలో అతని తండ్రికి పియానోలు, నాటకశాలల ఆర్గన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. అవి తమంత తాము వాయించుకునే పియానోల రోజులు. వాటిలో తిత్తులు, కవాటాలు, గాలిని పీల్చే పంపు ఉంటాయి. విమానం నేర్చుకోవడానికి గంటగంటకూ అయ్యే ఖర్చు చూసి, ఆ యువకుడు ఈ తిత్తులతోనే నేల మీద విమానం ఎందుకు చేయరాదని ఆలోచించాడు. 1929 నాటికి యంత్రం తయారైంది. 1931లో పేటెంటు వచ్చింది.

పద్య నాటకాలతో తెల్లవార్లూ గడిపిన మన ప్రాంతం వారికి హార్మోనియం తిత్తి తెలియనిది కాదు. ఒక చేత్తో తిత్తి ఆడించి, మరొక చేత్తో మెట్లు నొక్కితే గాలి స్వరమవుతుంది. లింకు యంత్రంలో గాలి స్వరం కాక చలనమైంది. చిన్న విమానం ఆకారపు పెట్టె కింద నాలుగు తిత్తులు. చోదకుడు కర్రను కుడికి వంచితే కవాటం తెరుచుకొని కుడివైపు తిత్తిలోని గాలిని పంపు లాగేస్తుంది, అది ముడుచుకుంటుంది. ఎడమ తిత్తిలోకి బయటి గాలి చేరి అది ఉబ్బుతుంది. పెట్టె కుడికి ఒరుగుతుంది. పక్క బల్ల దగ్గర గురువు కూర్చుంటే, శిష్యుడు పోతున్నాననుకుంటున్న దారిని మూడు చక్రాల చిన్న బండి ఒకటి పటం మీద సిరాతో గీసి చూపేది. ఇంత చక్కని యంత్రాన్ని మొదట కొన్నది వినోదశాలల వారే. సైన్యం వారు ఆటవస్తువన్నారు.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ప్రైవేటు సంస్థల విమాన తపాలా ఒప్పందాలను రద్దుచేసి ఆ పనిని సైన్యానికి అప్పగించింది. సైనిక చోదకులకు నేలను చూస్తూ నడపడం వచ్చు. మేఘంలో, మంచులో పరికరాలను మాత్రమే నమ్మి నడపడంలో అనుభవం చాలదు. ఆ శీతకాలపు రాత్రులలో కొద్ది నెలలలోనే పన్నెండుమందికి పైగా మరణించారు. మేఘంలో విమానం నెమ్మదిగా ఒరిగితే చెవికి తెలియదు. ఒరిగినది కిందికి దిగుతూ తిరుగుతుంది. చోదకుడు దానిని సరిచేసినప్పుడు ఒప్పులకుప్ప ఆపిన పిల్లవలె ఎదురు దిశకు తిరుగుతున్నానని భ్రమించి, మళ్ళీ పాత వంపులోకే తీసుకుపోతాడు. శరీరం ఏమి చెప్పినా వినక, ముల్లు చెప్పినదే నమ్మాలి. అది పుస్తకం చదివితే అబ్బే విద్య కాదు. ఆ సంవత్సరమే సైన్యం 3,500 డాలర్ల చొప్పున ఆరు లింకు యంత్రాలను కొన్నది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేసరికి 10,000 దాకా తయారై, అయిదు లక్షలమంది వాటిలో కూర్చొని లేచారు.

ఈ సంగతి మన డెల్టాకు దూరమైనది కాదు. 2002 మార్చి 3న భీమవరం నుండి బయలుదేరిన హెలికాప్టరు కైకలూరు సమీపాన కూలి, కోనసీమ బిడ్డ, లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి గారు మరణించిన రోజు మనవారెవ్వరూ మరువలేదు. ఆ ప్రమాదానికి కారణాల చర్చ ఈ వ్యాసంలోనిది కాదు. చేపల చెరువులు, కొబ్బరి తోటలు, తెల్లవారుజాము మంచు ఉన్న ఈ నేల పైన కూడా మనుషులు ఎగురుతున్నారని గుర్తుచేయడమే నా ఉద్దేశం. సముద్రంలోని చమురు వేదికలకు హెలికాప్టరులో వెళ్ళే ఉద్యోగుల శిక్షణలో, నమూనా పెట్టెలో కట్టి కూర్చోబెట్టి, నీటిలో ముంచి తలక్రిందులు చేసి, బయటపడమంటారు. అదీ ఒక ఊగే కుర్చీయే, కాస్త కఠినమైనది.

తిత్తుల తరువాత కాళ్ళు వచ్చాయి. నావలో నిలిచినవానికి ఆరు కదలికలు తెలుసు. ముందుకూ వెనుకకూ, పక్కకూ, పైకీ కిందికీ మూడు. ముక్కు ఎత్తి దించడం, పక్కకు ఒరగడం, ముక్కు తిరగడం మరి మూడు. ఈ ఆరింటినీ ఇవ్వాలంటే పీటకు పొడవు మారే ఆరు కాళ్ళు కావాలి. ఇంగ్లండులో డన్‌లప్ సంస్థలో గఫ్ అనే ఇంజనీరు 1954 ప్రాంతంలో టైర్ల పరీక్ష కోసం అటువంటి పీట చేశాడు. 1965లో స్టీవర్ట్ అనే ఆయన విమాన శిక్షణ కోసం ఆరు కాళ్ళ వేదికను ప్రతిపాదిస్తూ పత్రం వ్రాశాడు. పేరు స్టీవర్ట్ వేదికగా స్థిరపడింది; న్యాయంగా గఫ్ పేరు ముందు రావాలి.

ఇప్పుడది ఇళ్ళలోకి వచ్చింది. రాజమహేంద్రవరంలో మా మేనల్లుడు తన కొడుకు కోసం ఒకటి చేశాడు. పిల్లవానికి విమానం నడపాలని కోరిక. ఆరు కాళ్ళ స్తోమత లేదు గనుక రెండు కదలికలే: ముక్కు ఎత్తి దించడం, పక్కకు ఒరగడం. పాత కారు సీటు, దాని కింద యూనివర్సల్ జాయింటు, వెనుక రెండు వైపర్ మోటార్లు, చదరపు ఇనుప గొట్టాల చట్రం. వెల్డింగు షాపు అతను చట్రం అప్పగిస్తూ, "ఆయ్, ఇంతకీ ఇది పోయేదాండి, పోనిదాండి?" అని అడిగాడట. యంత్రానికి ఇంతకంటె మంచి నిర్వచనం నేను చదవలేదు.

మొదటిసారి మీట వేయగానే సీటు ఒక పక్కకు పూర్తిగా ఒరిగి అక్కడే మూలిగింది. మోటారు ఎక్కడ ఉన్నదో చెప్పడానికి ఇరుసుకు పొటెన్షియోమీటరు, అంటే పాత రేడియోలో ధ్వని పెంచే మీట వంటిది, ఉంటుంది. మోటారు తీగలు తారుమారైతే, తప్పు పెరిగినకొద్దీ మోటారు తప్పు వైపే పరుగెడుతుంది. తీగలు మార్చాక పూనకం వచ్చినట్లు వణకడం మొదలైంది. గమ్యానికి ఎంత దూరంలో ఉంటే అంత బలంగా లాగమని చెప్పి, దగ్గరకు వచ్చినప్పుడు నిదానించమని చెప్పకపోతే అంతే. రేవు దగ్గర పడవ వాలు ముందుగానే ఆపని సరంగు వలె గట్టును గుద్దుకొని వెనక్కి వస్తుంది. లాగే బలం తగ్గించి, నిదానింపజేసే అంకె కొద్దికొద్దిగా పెంచాక నిలకడ వచ్చింది. మూడవది, మోటార్లు రెండూ ఒక్కసారి గట్టిగా లాగినప్పుడల్లా కంప్యూటరుతో సంబంధం తెగిపోవడం. మోటార్లకూ, వాటిని నడిపే చిన్న బోర్డుకూ విడివిడిగా విద్యుత్తు ఇచ్చి, సంకేతపు తీగలను మోటారు తీగలకు దూరంగా జరిపితే అదీ తీరింది.

ఇవన్నీ ఇనుముకు వచ్చిన జబ్బులు. నాలుగవది మనిషికి వచ్చింది. పది నిమిషాలు నడిపేసరికి పిల్లవానికి వాంతి. మూడు రోజులు అదే. వాని తల్లి, "వీడి ఒంటికి విమానం పడదండీ, మీరైనా చెప్పండి" అన్నది. పిల్లవాడు కూడా తాను పనికిరానని నిశ్చయించుకొని ముభావంగా తిరిగాడు. ఒక కుర్చీ ఒక కుర్రవాని బ్రతుకుతెరువును తేల్చబోతున్నదన్నమాట.

అప్పుడు మా మేనల్లునితో నేను చెప్పినది పాత చరిత్రే. హెలికాప్టరు శిక్షణ యంత్రంలో కూర్చున్నవారికి వికారం కలుగుతున్నదని 1957 లోనే అమెరికాలో నివేదిక వచ్చింది. అందులో విచిత్రమేమంటే, కొత్త శిష్యులకంటె అనుభవజ్ఞులైన గురువులకే ఎక్కువగా కలిగింది. నిజమైన చలనం ఎరిగిన శరీరం అబద్ధపు చలనాన్ని త్వరగా పట్టుకుంటుంది. కనుక వికారం అనర్హతకు గుర్తు కాదు. యంత్రం ఎక్కడ అబద్ధమాడుతున్నదో చూడవలసి ఉన్నది.

అబద్ధం ఇక్కడ ఉన్నది. కారు కుడికి మలుపు తిరిగితే మనం ఎడమకు తూలుతాం. కాబట్టి సీటును ఎడమకు ఒంచి ఉంచితే భూమ్యాకర్షణే ఆ తూలును నటిస్తుంది. సరిగా మలుపు తిరిగే విమానంలో ఆ తూలు లేదు. విమానం ఎంత ఒరిగినా చోదకుని బరువు సీటు వైపే పడుతుంది. గ్లాసులో నీరు గ్లాసుకు తిన్నగానే నిలుస్తుంది. మేఘంలో చోదకుడు మోసపోయేది కూడా ఇందువల్లనే. కనుక ఒరగడం మొదలైనప్పుడు చిన్న కుదుపు ఇచ్చి, తరువాత సీటును తెలియనంత నెమ్మదిగా, సెకనుకు రెండు మూడు డిగ్రీలకు మించకుండా, నిటారుకు తీసుకురావాలి. మా వాని కుర్చీ కారు పందేల లెక్కలతోనే విమానాన్ని ఆడిస్తున్నది. విమానం ఒరిగినంతసేపూ సీటు ఒరిగి ఉండి, కన్ను ఒకటీ చెవి ఒకటీ చెప్పుకుంటున్నాయి.

లెక్క మార్చడానికి ఒక ఆదివారం పట్టింది. మరునాడు పిల్లవాడు ఇరవై నిమిషాలు కూర్చున్నాడు, వారం తిరిగేసరికి నలభై. వాని తల్లి ఇంకా పక్కన బకెట్టు ఉంచుతూనే ఉన్నది గానీ దాని అవసరం పడలేదు. ఇప్పుడు తెర మీద మబ్బు కమ్మించి, పరికరాలు మాత్రమే చూస్తూ నడపడం సాధన చేస్తున్నాడు.

చేయదలచినవారు చేతికందేంత దగ్గరలో ఎర్రని నిలుపుదల మీట ఒకటి తప్పక పెట్టుకోండి. మోటారు చేతులు తిరిగేచోట రేకు కప్పండి, చిన్నపిల్లల వేళ్ళు అక్కడికే పోతాయి. మన గాలి తేమకు జాయింటు తుప్పు పట్టి కిర్రుమంటుంది. నెలకొకసారి గ్రీజు వేయండి. కరెంటు పోయి వచ్చే ముందు సీటు దిగడం మంచిది. వచ్చినప్పుడు అది నడిమధ్యకు రావడానికి ఒక్క ఉదుటున లేస్తుంది.