డీజిల్ కారు: ఇంజన్ మార్చాక మైలేజీ ఎందుకు పడిపోతుంది?

డీజిల్ కారుకు పాత ఇంజన్ దించి మరొకటి ఎక్కించాక లీటరుకు నడిచే దూరం తగ్గడం మోటారు మరమ్మతుల్లో తరచు ఎదురయ్యే ఫిర్యాదు. యజమాని అనుమానం ముందుగా కొత్తగా వచ్చిన ఇంజన్ మీదికే పోతుంది. అది సెకండ్ హ్యాండ్‌దైతే ఆ అనుమానానికి కొంత న్యాయం ఉంది. అయితే చాలా సందర్భాల్లో దోషం ఇంజన్ బ్లాక్‌లో ఉండదు. పాత ఇంజన్ నుంచి విప్పి దీనికి తగిలించిన భాగాల్లోనో, బిగింపులోనో, కారు కంప్యూటర్‌లో మిగిలిపోయిన పాత లెక్కల్లోనో ఉంటుంది.

పెట్రోలు ఇంజన్‌లో థ్రాటిల్ గాలిని అదుపు చేస్తుంది. డీజిల్‌లో శక్తిని నిర్ణయించేది లోపలికి చిమ్మే ఇంధనం పరిమాణమే. ఎక్కడైనా కొంత శక్తి వృథా అవుతుంటే డ్రైవరు కాలు తెలియకుండానే యాక్సిలరేటర్‌ను ఇంకాస్త నొక్కుతుంది, కంప్యూటర్ ఇంకాస్త డీజిల్ పోస్తుంది, బండి మామూలుగానే పరుగెడుతుంది. లోపం పెట్రోలు బంకులో బయటపడుతుంది తప్ప రోడ్డు మీద కాదు.

హాఫ్ ఇంజన్, ఫుల్ ఇంజన్

విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల మెకానిక్‌లు బ్లాక్, క్రాంక్, పిస్టన్లు మాత్రమే ఉన్నదాన్ని హాఫ్ ఇంజన్ అంటారు. హెడ్డు, వాల్వులు కూడా కలిసి వస్తే ఫుల్ ఇంజన్. ఏది కొన్నా ఇంజెక్టర్లు, హైప్రెషర్ పంపు, టర్బో, పొగలో కొంత భాగాన్ని తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ వాల్వు, సెన్సర్లు సాధారణంగా పాత ఇంజన్‌వే తిరిగి ఎక్కుతాయి. ఖర్చు తగ్గుతుంది కాబట్టి ఇందులో తప్పేమీ లేదు. పాత ఇంజన్ ఎందుకు పోయిందో తేల్చకుండా ఆ పని చేయడమే తప్పు.

మన దగ్గర ఈ సమస్యకు మంచి ఉదాహరణ ఫియట్ 1.3 మల్టీజెట్. 2003లో ఐరోపాలో వచ్చిన ఈ 1248 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజన్‌ను మారుతి 2007 నుంచి డీడీఐఎస్ పేరుతో స్విఫ్ట్‌లో వాడింది. టాటా క్వాడ్రాజెట్ పేరుతో ఇండికా విస్టాలో పెట్టింది. ఫియట్ పుంటో, లీనియాల్లోనూ ఇదే. ఇన్ని కార్లకు ఒకే ఇంజన్ కావడంతో దీనికి ‘నేషనల్ ఇంజన్’ అన్న ముద్దుపేరు పడింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్–6 కాలుష్య నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్ల తయారీకి స్వస్తి చెప్పింది. ఇప్పుడు రోడ్డు మీద ఉన్న ఈ కార్లకు ఇంజన్ మార్చాలంటే ఎక్కువగా ప్రమాదాల్లో దెబ్బతిన్న కార్ల నుంచి తీసినవే దిక్కు.

పైకి ఒకే ఇంజన్‌లా కనబడినా ఇందులో రూపాలు వేరు. 75 హార్స్‌పవర్ రకానికి మామూలు టర్బో ఉంటే, 90 హార్స్‌పవర్ రకానికి లోపలి రెక్కలు కదిలే వేరియబుల్ జామెట్రీ టర్బో ఉంటుంది. 75 కారులోకి 90 ఇంజన్‌ను టర్బోతో సహా దించితే, ఆ రెక్కలను కదిలించే ఆదేశాలు పాత కంప్యూటర్‌లో ఉండవు. వాక్యూమ్ అందని రెక్కలు తెరుచుకునే ఉండిపోతాయి. తక్కువ వేగంలో టర్బో ఊపు అందదు. గేరు దించి తొక్కడం అలవాటవుతుంది, మైలేజీ కరిగిపోతుంది. కాలక్రమంలో ఈ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి కూడా మారింది. అందుకే ‘స్విఫ్ట్ ఇంజనే కదా’ అన్న భరోసా చాలదు; ఇంజన్ కోడ్, తయారైన సంవత్సరం సరిపోల్చుకోవాలి.

ముందు కొలత

నిజంగా తగ్గిందా అన్నది మొదట తేల్చాల్సిన ప్రశ్న. డ్యాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీ అంకెను నమ్మడానికి లేదు. కంప్యూటర్ డీజిల్‌ను కొలవదు. ఇంజెక్టర్లకు తానిచ్చిన ఆదేశాలను కూడి లెక్క కడుతుంది. ఆదేశించిన దానికన్నా ఇంజెక్టర్ ఎక్కువ పోస్తుంటే తెర మీద 20 కనిపిస్తూనే నిజంగా 16 రావచ్చు. దీనికి విరుద్ధంగానూ జరగవచ్చు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, నాజిల్ మొదటిసారి ఆగేవరకు ట్యాంకు నింపి, కనీసం నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ అలాగే నింపి భాగించడమే నమ్మదగ్గ పద్ధతి.

కంపెనీ ప్రకటించిన అంకెతో పోల్చుకోవడం మరో పొరపాటు. 2015 నాటి డిజైర్ డీజిల్‌కు ధ్రువీకరించిన మైలేజీ లీటరుకు 26.59 కిలోమీటర్లు. అది ప్రయోగశాలలో, రోలర్ల మీద, గంటకు 90 కిలోమీటర్లు మించని పరీక్షా క్రమంలో వచ్చిన లెక్క. పోల్చుకోవాల్సింది మన కారు పాత మైలేజీతో, అదీ అవే దారుల్లో. లీటరుకు 18 నుంచి 15కు పడిపోయిందంటే వంద కిలోమీటర్లకు ఖర్చయ్యే డీజిల్ 5.6 లీటర్ల నుంచి 6.7కు పెరిగినట్టు. ఐదో వంతు అదనం కనుక దీన్ని కొత్త ఇంజన్ బిగువు ఖాతాలో వేసి ఊరుకోవడం కుదరదు.

ఆ బిగువు అబద్ధం కాదు. కొత్త రింగులు, కొత్తగా హోనింగ్ చేసిన బోరు ఒకదానికొకటి అమరేదాకా రాపిడి ఎక్కువ. మొదటి 1000–1500 కిలోమీటర్లలో ఇది చాలావరకు సర్దుకుంటుంది. వాడిన ఇంజన్‌ను యథాతథంగా బిగించినప్పుడు మాత్రం ఈ సాకు చెల్లదు, దాని రింగులు ఎప్పుడో అమరిపోయాయి. ‘ఇంకా టైట్‌గా ఉంది సార్, అయిదు వేలు తిరగనివ్వండి’ అనే మాట ఎక్కువసార్లు కాలయాపనకే పనికొస్తుంది.

ఇంజెక్టర్లు

అసలు కథ ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. కామన్ రైల్ ఇంజన్‌లో డీజిల్ 1600 బార్, అంతకు మించిన పీడనంతో వెంట్రుకవాసి రంధ్రాల గుండా పొగమంచులా చిమ్ముతుంది. నాజిల్ కొన అరిగినా, సూది సరిగ్గా కూర్చోకపోయినా పొగమంచుకు బదులు చుక్కలు కారుతాయి. ఆ చుక్కలు పిస్టన్ నెత్తిన పడి మండుతాయి. పిస్టన్ కరిగి రంధ్రం పడడానికి ఇదొక ప్రధాన కారణం. పిస్టన్ కరిగినందుకు ఇంజన్ మార్చి, కరిగించిన ఇంజెక్టర్‌నే కొత్త ఇంజన్‌కు తగిలిస్తే మైలేజీ తగ్గడం మొదటి లక్షణం మాత్రమే. తర్వాతి వంతు కొత్త పిస్టన్‌ది.

ఇంజెక్టర్లు బాగానే ఉన్నా మరో చిక్కుంది. ఏ రెండు ఇంజెక్టర్లూ సరిగ్గా ఒకేలా తయారు కావు. ఆ స్వల్ప తేడాలను ఫ్యాక్టరీలో కొలిచి, ఒక సంకేతంగా ఇంజెక్టర్ ఒంటి మీద ముద్రిస్తారు. బాష్, డెన్సో, డెల్ఫై మూడు సంస్థలూ ఈ పద్ధతిని పాటిస్తాయి. సంకేతాలు వాడే కార్లలో ఇంజెక్టర్ మారినా, రెండో సిలిండర్‌ది మూడో దానికి వెళ్లినా స్కానర్‌తో ఆ అక్షరాలను కంప్యూటర్‌కు మళ్లీ రాయాలి. రాయకపోతే ఒక సిలిండర్‌కు ఎక్కువ, మరొకదానికి తక్కువ డీజిల్ పోతుంది. ఐడిల్‌లో కంప్యూటర్ ఒక్కో సిలిండర్‌ను సవరించుకుంటూ తేడాను కప్పిపుచ్చుతుంది కాబట్టి వణుకు పెద్దగా తెలియదు. విప్పేటప్పుడు ప్రతి ఇంజెక్టర్ మీదా మార్కర్‌తో సిలిండర్ సంఖ్య రాసుకునే మెకానిక్ దొరికితే వదులుకోకూడదు.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులను నాలుగు సీసాల్లో పెట్టి ఇంజన్‌ను కొన్ని నిమిషాలు నడిపితే, ఏది ఎక్కువగా వెనక్కి వదులుతోందో కంటికే కనిపిస్తుంది. లోపలి లీకును ఇది పట్టిస్తుంది. చిమ్మే తీరును చూడాలంటే ఇంజెక్టర్లను పంపు–నాజిల్ సర్వీసు షాపులో టెస్ట్ బెంచ్ మీద పెట్టక తప్పదు.

టైమింగ్, కంప్రెషన్

క్రాంక్ పళ్లచక్రానికి 20 పళ్లుంటే, వాల్వులను నడిపే టైమింగ్ చెయిన్ ఒక్క పన్ను జారినా వాల్వుల టైమింగ్ 18 క్రాంక్ డిగ్రీలు తప్పుతుంది. కామన్ రైల్ ఇంజన్‌లో డీజిల్ చిమ్మే సమయాన్ని క్రాంక్ సెన్సర్ చూసి కంప్యూటర్ నిర్ణయిస్తుంది కనుక వాల్వులు మాత్రమే గతి తప్పుతాయి. 1998 చివర్లో వచ్చిన తొలి ఇండికా డీజిల్ వంటి పాత కార్లలో రోటరీ పంపును ఇంజనే తిప్పుతుంది. అక్కడ పంపు అమరిక కొద్దిగా ఆలస్యమైనా మంట ఆలస్యంగా అంటుకుంటుంది. పిస్టన్ కిందికి దిగుతుండగా కాలిన డీజిల్ దాన్ని నెట్టకుండా సైలెన్సర్‌ను వేడి చేస్తుంది. డయల్ గేజ్ పెట్టకుండా చెవితో విని పంపు తిప్పే పాతకాలపు నేర్పుకు ఎంత పేరున్నా, మైలేజీ విషయంలో దాన్ని నమ్ముకోలేం.

హెడ్డు గాస్కెట్ సంగతి చాలామంది పట్టించుకోరు. డీజిల్ పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాక్ అంచు దాటి కొద్దిగా పొడుచుకు వస్తుంది. ఎంత పొడుచుకొచ్చిందో కొలిచి దానికి తగిన మందం గాస్కెట్ వేయాలి. మందాన్ని గుర్తించేందుకు గాస్కెట్ అంచున గాట్లో రంధ్రాలో ఉంటాయి. కొట్లో దొరికిన మందపాటి గాస్కెట్ వేస్తే కంప్రెషన్ తగ్గుతుంది, పొద్దున్నే స్టార్టింగ్ మొండికేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డీజిల్ ఇంజన్‌లో కంప్రెషన్ సాధారణంగా 25–30 బార్ ప్రాంతంలో ఉంటుంది. సిలిండర్ల మధ్య పెద్ద తేడా ఉండకూడదు. సెకండ్ హ్యాండ్ ఇంజన్ కొనే ముందు ఈ ఒక్క పరీక్ష చేయించుకుంటే సగం తగాదాలు తప్పుతాయి.

గాలి దారి

ఇంజన్ దించేటప్పుడు ఇంటర్‌కూలర్ హోసులన్నీ విప్పుతారు. తిరిగి బిగించేటప్పుడు ఒక క్లాంప్ వదులైనా, హోస్ లోపలి నుంచి చీలినా టర్బో పంపిన గాలి కొంత బయటికి పోతుంది. నల్లపొగ, ఈల వంటి చప్పుడు, చీలిక చుట్టూ నూనె తడి దీని గుర్తులు. ఈజీఆర్ వాల్వు మసితో తెరుచుకునే ఉండిపోయినా, గాలిని కొలిచే సెన్సర్ మీద నూనె పేరుకున్నా ఫలితం ఇంచుమించు ఇదే.

థర్మోస్టాట్

వేడెక్కి ఇంజన్ పోయిన కారుకు మళ్లీ ఆ ముప్పు రాకూడదని కొందరు మెకానిక్‌లు థర్మోస్టాట్‌ను తీసి పారేస్తారు. ‘మన ఎండలకు ఇదెందుకు’ అనే వాదన వింటే సబబుగానే అనిపిస్తుంది గానీ అది పూర్తిగా తప్పు. థర్మోస్టాట్ దాదాపు 80–88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అది లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటర్ గుండా తిరుగుతాయి. హైవే మీద ఎదురుగాలికి ఇంజన్ తన వేడిని ఎప్పటికీ అందుకోదు. నూనె చిక్కగానే ఉంటుంది. ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ చల్లటి ఇంజన్‌కు పోసే లెక్కనే పోస్తుంది. స్కానర్‌లో నీళ్ల వేడి అరగంట ప్రయాణం తర్వాత కూడా 70 దాటకపోతే ఇంకేమీ వెతకకుండా ముందు థర్మోస్టాట్ చూడాలి. మార్చడానికి అయ్యే ఖర్చు ఇంజన్ ఖర్చుతో పోలిస్తే లెక్కలోకే రాదు.

నూనె గ్రేడు విషయంలోనూ ఇలాంటి అలవాటే ఉంది. 5డబ్ల్యూ–30 వాడమన్న ఇంజన్‌కు 15డబ్ల్యూ–40 పోస్తే రాపిడి కొంత పెరుగుతుంది, మైలేజీ కొంత తగ్గుతుంది. తేడా పెద్దది కాదు, కానీ ఎప్పటికీ ఉంటుంది.

బీఎస్–6 కార్లు

2020 తర్వాతి డీజిల్ కార్లకు మసిని పట్టే పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉంటుంది. పాత ఇంజన్ చనిపోయే ముందు నూనె తాగి ఉంటే, కాలిన ఆ నూనె బూడిదంతా ఫిల్టర్‌లోనే మిగులుతుంది. మసి నిండినప్పుడల్లా కంప్యూటర్ అదనంగా డీజిల్ చిమ్మి, ఫిల్టర్‌ను 600 డిగ్రీల వరకు వేడెక్కించి కాలుస్తుంది. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు. ఖాళీ తగ్గినకొద్దీ ఈ దహనాలు తరచవుతాయి, అందుకు ఖర్చయిన డీజిల్ కారును ఒక్క అడుగు కూడా ముందుకు నడపదు. ఇంజన్ మార్చినప్పుడు ఫిల్టర్‌ను శుభ్రం చేయించడం, కంప్యూటర్‌లోని పాత మసి, బూడిద లెక్కలను సరిచేయించడం ఒకే పనిలో భాగం.

ఇంజన్‌కు బయట

ఇంజన్ పనికి కారు వారాలు, ఒక్కోసారి నెలలు షెడ్డులో నిలబడుతుంది. ఈలోగా టైర్లలో గాలి తగ్గుతుంది, బ్రేక్ కాలిపర్ పిన్నులు తుప్పు పట్టి ప్యాడ్లు డిస్కును పట్టుకునే ఉంటాయి. ఇంజన్ కిందికి దించడానికి ముందు క్రాస్‌మెంబర్ విప్పితే అలైన్‌మెంట్ చెదురుతుంది. పది కిలోమీటర్లు నడిపి నాలుగు చక్రాల రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే కారణం ఇంజన్ కాదు.

కాగితాల పని

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు, వాహనానికి తేడా రాకూడదు. ఇంజన్ మారితే నంబరు మారుతుంది కాబట్టి రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. ఇంజన్ కొన్న బిల్లు లేకుండా ఈ పని సాగదు. నంబరు సరిపోని కారుకు బీమా క్లెయిం దగ్గరా, అమ్మకం దగ్గరా చిక్కులు తప్పవు.