ఆక్వాతింత: నామవిచారము

విశాఖపట్టణపుఁ బూర్ణా మార్కెట్టులో ధూపమునకుఁ గొను గుగ్గిలము వంటి రాలపొడియే ఇటలీ పేరు దాల్చిన యొక చిత్రవిద్యకు ఆధారము. పొడిని లోహఫలకమున కంటించి యామ్లమున ముంచిన, రేణువుల సందులు తినఁబడి ఛాయ లేర్పడును. గీతలు గొఱుకు ‘ఆక్వాఫోర్తె’, అనఁగా ఉగ్రజలము, అన్వర్థనామము. ఛాయల నిచ్చు ‘ఆక్వాతింత’, అనఁగా వర్ణజలము, కేవలరూఢి. రంగునీ రందు లేనేలేదు!

చిత్తూరు మండలమున నందనూరిలో 1925లో జనించిన కృష్ణారెడ్డి యీ కుదురుననే పనిచేసెను. మిలానులో మరీనో మరీనికి శిష్యుఁడు. పారిసులో హేటరు కర్మశాలయందు వేఱువేఱు చిక్కదనముల సిరాలను ఒకే ఫలకముపై నొండొంటఁ గలియకుండ నిలుపు మర్మమును సాధించినవారిలో నొకఁడు. ‘మాతృత్వము’ ఆతని ముద్రాచిత్రమే. గృహజీవనపు నెమ్మదికిఁ దగిన విద్య. ఆతఁడు 2018లో న్యూయార్కున గతించెను.

ఇట్టివానిని మనవారు ‘జలవర్ణచిత్ర’ మనరాదు. అది వేఱొక విద్య. ఆమ్లకృతమైన ఛాయ కావున, మధ్యమపదలోపముచే ‘ఆమ్లచ్ఛాయ’ యనుట యుక్తము.